వేరుశనగ చేలో వెలిగే గోల్ఫ్ బంతులు: మూడేళ్ల వాడకం తర్వాత

గోల్ఫ్ నేను బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు నేర్చుకున్నాను. అనంతపురం జిల్లాలో ఉరవకొండ దగ్గరి మా ఊరికి తిరిగి వచ్చేశాక క్లబ్బుల (బంతి కొట్టే కర్రల) సంచి చాలాకాలం అటక మీదే ఉండిపోయింది. ఎండాకాలం పగలు 40 డిగ్రీలు దాటే చోట చేలో నిలబడి బంతి కొట్టడం కుదిరే పని కాదు. అందుకే వెలిగే బంతులు తెప్పించాను. వేరుశనగ పీకిన తర్వాత, నవంబరు చివరి నుంచి మళ్లీ విత్తనం వేసే దాకా మా నాలుగెకరాల చేనే నా మైదానం.

నా దగ్గర రెండు రకాల బంతులున్నాయి. మొదటి రకంలో చిన్న బ్యాటరీ, ఎల్‌ఈడీ దీపం ఉంటాయి. దెబ్బ తగలగానే వెలుగుతుంది, సుమారు ఎనిమిది నిమిషాలకు దానంతటదే ఆరిపోతుంది. ఆ లోపే వెళ్లి ఏరుకోవాలి. మొదట్లో ఆరు బంతులూ వరుసగా కొట్టి, ఆ తర్వాత బయలుదేరేవాణ్ణి. నేను చేరేసరికి ముందు కొట్టినవి చీకట్లో కలిసిపోయేవి. ఇప్పుడు రెండు కొట్టి నడుస్తాను.

గోల్ఫ్ నియమాల ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఈ బంతి చేతిలో మామూలుదానిలాగే ఉంటుంది గానీ దెబ్బ గట్టిగా, రాయిని కొట్టినట్టు తగులుతుంది. ఏడో నంబరు ఐరన్‌తో, అంటే మధ్యస్థ దూరాలకు వాడే లోహపు తల క్లబ్బుతో, మామూలు బంతిని 130 గజాలు కొడతాను. ఇది 115 దగ్గరే ఆగిపోతుంది. దూరం కోసం కొనేవారికి ఇది నచ్చదు.

కానీ దీనికోసమే కొనవచ్చు అనిపించే గుణం ఒకటుంది. పగలు బంతి ఎక్కడ పడిందో కనిపిస్తుంది, రాత్రి అది వెళ్లిన దారి మొత్తం కనిపిస్తుంది. ఏళ్లుగా నా బంతి కుడికి పోతుంటే మొదటి నుంచే అటు వెళుతోందనుకున్నాను. చీకట్లో ఆ వెలుగు గీత చూస్తే తెలిసింది: ముందు ఎడమకే వెళ్లి, సగం దూరం దాటాక కుడికి వంగుతోంది. గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని మా అమ్మ గట్టు మీద మంచం వేసుకుని కూర్చుని, "మళ్లీ వంగింది నాయనా" అని చెప్పేది. పట్టు మార్చుకుని, రెండు నెలలకు ఆ వంపు చాలావరకు తగ్గించుకున్నాను.

రెండో రకం బంతిలో బ్యాటరీ లేదు. అతినీలలోహిత టార్చి కింద ఒక నిమిషం పెడితే వెలుగు పట్టుకుంటుంది. కొన్ని నిమిషాల్లోనే మసకబారుతుంది కాబట్టి దూరపు దెబ్బలకు పనికిరాదు. పట్టింగ్‌కు, అంటే బంతిని నేల మీద మెల్లగా గుంతలోకి దొర్లించడానికి, మాత్రం ఇదే మేలు, ఎందుకంటే బ్యాటరీ బంతి మెల్లని దెబ్బకు వెలగదు. పేడతో అలికిన మా కళ్లం అంచున పాలపొడి డబ్బా పాతిపెట్టాను. అసలు గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు, డబ్బా దానికి కాస్త తక్కువ. నున్నటి కళ్లం మీద ఆ పచ్చని బంతి దొర్లి డబ్బాలోకి జారితే, లోపలి నుంచి అంచంతా వెలుగుతుంది. ఆ దృశ్యం నాకింకా పాతబడలేదు.

ఆ టార్చిని కళ్ల వైపు తిప్పకండి. దానితో ఇంకో ఉపయోగమూ ఉంది: ఆ వెలుగులో తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆట మొదలుపెట్టే ముందు కళ్లం చుట్టూ ఒకసారి తిప్పి చూస్తాను, రెండుసార్లు కనిపించాయి కూడా. పాముల కోసం మామూలు టార్చి, మడమ పైదాకా వచ్చే బూట్లు తప్పనిసరి.

ఎర్ర రంగు బంతులు కొనకండి. మా వైపు గాలిమరల మీద రాత్రంతా ఎర్ర దీపాలు వెలుగుతాయి, గాల్లోకి లేచిన బంతి వాటిలో కలిసిపోతుంది. బ్యాటరీ బంతుల్ని ఎండలో ఉంచకండి. మే నెలలో బండి పెట్టెలో మరిచిపోయిన రెండూ మళ్లీ వెలగలేదు. పగిలినదాన్ని పిల్లలకు అందనివ్వకండి, లోపలి బ్యాటరీ మింగితే ప్రాణాపాయం.

మొదట కొన్న ఆరింటిలో ఇప్పుడు పనిచేస్తున్నది ఒక్కటే. ఈ నెల మరో ఆరు తెప్పించాను, అన్నీ ఆకుపచ్చవే.