1/16 ట్యాంకుకు ఏ రంగు మేలు: అక్రిలికా, ఎనామిలా, లక్కరా?

“అన్నా, రంగులేవి కొనాలె? ఏదన్న ఒక్కటి చెప్పు.” పొడవులో అసలు బండికి 35వ వంతుండే 1/35 మోడల్ ట్యాంకుల్లో చేయి తిరిగి, ఇప్పుడు 16వ వంతుండే 1/16 ట్యాంకు తెప్పించుకున్నవాళ్లు హన్మకొండ వాళ్లయినా కరీంనగర్ వాళ్లయినా నన్ను అడిగేది ఇదే. ఒక్కటి చెప్పమంటే చెప్తా గానీ, ఎందుకో కూడా వినాలి. మనలో చాలామంది షేడ్ చూసి కొంటారు, లేకపోతే బ్రాండ్ చూసి కొంటారు. పెద్ద ట్యాంకు దగ్గర ఆ రెండూ తర్వాతి సంగతులు.

ముందు ఒక చిన్న లెక్క. అసలు టీ-90 ఫిరంగి గొట్టంతో కలిపి తొమ్మిదిన్నర మీటర్లు. 1/35లో అది 27 సెంటీమీటర్లు, 1/16లో దాదాపు 60. పొడవు రెండింతలు దాటింది, అంతేగా అనిపిస్తుంది. రంగు పడేది పొడవు మీద కాదు, ఉపరితలం మీద. అది 4.8 రెట్లు. చిన్న ట్యాంకు మొత్తానికి సరిపోయే పది మిల్లీలీటర్ల సీసా ఇక్కడ టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) దాటేసరికి అడుగంటుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అంతంత వెడల్పు పలకల మీద ఒకే రంగు సమానంగా కొట్టి వదిలేస్తే అది కొమురెల్లి జాతరలో కొన్న ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. అందుకే 1/16లో సగానికి మించిన పని అడుగు రంగు ఎండిన తర్వాతే మొదలవుతుంది: వాష్‌లు (సందుల్లోకి దిగే బాగా పలచని రంగు), ఆయిల్ రంగుల చుక్కలు, దుమ్ము, డీజిల్ మరకలు, అరిగిన అంచులు. వీటిలో చాలా వాటికి టర్పెంట్ తప్పదు. రిమోట్ ట్యాంకైతే దాన్ని వాకిట్లో నడుపుతాం, ఎత్తిన ప్రతిసారీ అవే అంచులు పట్టుకుంటాం.

కాబట్టి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. పైన ఇంత జరుగుతుంటే అడుగు రంగు కదలకుండా ఉంటుందా?

ఈ పరీక్షలో ఎనామిల్ మొదటి అడుగులోనే పోతుంది. హంబ్రోల్ చిన్న డబ్బాలతో నేర్చుకున్న తరం ఒకటుంది, వాళ్లంటే నాకు గౌరవమే. బ్రష్‌తో వేసినా గీతలు పడకుండా పరుచుకునే గుణం దానిది. కానీ ఎనామిల్‌ను కరిగించేదీ టర్పెంటే, వాష్‌ను పలచన చేసేదీ టర్పెంటే. కింద ఎనామిల్ వేసి పైన ఎనామిల్ వాష్ రుద్దితే రెండూ కలిసి బురదవుతాయి. మధ్యలో వార్నిష్ పొర వేసి కాపాడుకోవచ్చు, కానీ ఒక్కచోట వార్నిష్ పలచబడినా అక్కడ రంగు లేచి వస్తుంది. ఎనామిల్ ఉండాల్సిన చోటు పైన, అడుగున కాదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే గేట్ల పెయింట్ గురించి కూడా అడుగుతున్నారు. చిక్కన, నిగనిగ. రివెట్లు, వెల్డింగ్ గీతలు పూడుకుపోతాయి. వద్దు.

నీటితో పలచన చేసే అక్రిలిక్‌లది వేరే కథ. వల్లెహో మోడల్ ఎయిర్ లాంటివి. వాసన దాదాపు లేదు, ఇంట్లో పిల్లలున్నా నడుస్తుంది, నల్లా కింద కడిగేయొచ్చు. టర్పెంట్‌ను కూడా బాగానే తట్టుకుంటాయి. వీటి బలహీనత పట్టులో ఉంది. రంగు ప్లాస్టిక్‌లోకి కొరుక్కుని దిగదు, పైన పొరలా పరుచుకుంటుంది. రంగుకు ముందు వేసే మంచి ప్రైమర్ పొర లేకపోతే మాస్కింగ్ టేప్ తీసేటప్పుడు టేప్‌తో పాటు వచ్చేస్తుంది, గోరు తగిలితే పెచ్చు లేస్తుంది. అద్దాల బీరువాలో పెట్టుకునే ట్యాంకుకు ఇది పెద్ద లోపం కాదు. నడిపే ట్యాంకుకు పెద్దదే.

ఇంకొకటి, మన ఎండ. ఏప్రిల్ దాటితే ఓరుగల్లులో మధ్యాహ్నం 40 డిగ్రీలకు పైనే. నీటి అక్రిలిక్ ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే చిన్న పరికరం) సూది కొసనే ఎండి గడ్డ కడుతుంది. ప్రతి రెండు నిమిషాలకూ ఇయర్‌బడ్‌తో కొస తుడుచుకుంటూ కూర్చోవాలి. బయటికి వచ్చిన తుంపర కూడా ట్యాంకును చేరేలోపే సగం ఎండి, ముట్టుకుంటే ఉప్పుకాగితంలా గరుకుగా ఉంటుంది. ఎండడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కలిపితే కొంత నయం. తెల్లారి ఆరింటికి లేచి కొడితే ఇంకా నయం. చిన్న ట్యాంకుకు ఈ ఓపిక సరిపోతుంది గానీ, అయిదింతల ఉపరితలం దగ్గర చాలామంది మధ్యలోనే చేతులెత్తేస్తారు.

ఇక నా పక్షపాతం. లక్కర్, అంటే ఘాటైన థిన్నర్‌తో పలచన చేసే రంగు. మిస్టర్ కలర్, ఏకే రియల్ కలర్స్, ఈ జాతివి. ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి పట్టుకుంటాయి కాబట్టి ఊడిరావడం అరుదు. నిమిషాల్లో చేతికి అంటకుండా ఆరతాయి. మర్నాడు పైన టర్పెంట్ ఎంత రుద్దినా అడుగు చెక్కుచెదరదు. పొర ఎంత పలచనంటే 1/16లోని స్క్రూ తలలు కూడా పదునుగా నిలుస్తాయి. ఎండాకాలంలో లెవెలింగ్ థిన్నర్ వాడితే అందులో రిటార్డర్ ముందే ఉంటుంది, కొస ఎండిపోయే బాధ బాగా తగ్గుతుంది.

టామియా ఎక్స్‌ఎఫ్ సీసాలు ఈ రెండింటికీ నడుమ. పేరుకు అక్రిలిక్, స్వభావం ఆల్కహాల్‌ది. వాళ్ల ఎక్స్-20ఏ థిన్నర్‌తో మెత్తగా ఉంటాయి, లక్కర్ థిన్నర్‌తో కలిపితే లక్కర్ లాగానే కొరికి పడతాయి. పెద్ద సీసా 23 మిల్లీలీటర్లు. ఒక్కటి చెప్పమన్నారు కదా, మొదటి 1/16 చేస్తున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే: టామియా రంగు, లక్కర్ థిన్నర్. చేయి కుదిరాక అసలు లక్కర్‌లోకి వెళ్లండి.

నా బల్ల మీద ఇప్పుడున్నది భీష్మ, అంటే మన సైన్యపు టీ-90. హెంగ్ లాంగ్ కంపెనీ రిమోట్ టీ-90ని మన సైన్యం బండిగా మారుస్తున్నాను. ఆ కిట్ రష్యా రూపంలో వస్తుంది, ఫిరంగికి అటూ ఇటూ ష్టోరా (వచ్చే క్షిపణిని దారి తప్పించే పరికరం) ఎర్ర కళ్లతో. మన టీ-90లకు ఆ కళ్లుండవు, ఆ చోట కూడా రియాక్టివ్ ఆర్మర్ (తగిలిన గుండును పేలి అడ్డుకునే కవచం) దిమ్మెలే. కళ్లు కోసేసి ప్లాస్టిక్ షీట్‌తో దిమ్మెలు చేసి అతికించాలి. దాంతో ఒకే టరెట్ మీద ఏబీఎస్, పాలీస్టైరిన్, పుట్టీ, త్రీడీ ప్రింట్ రెజిన్ అన్నీ చేరతాయి. వీటన్నిటినీ ఒకేలా పట్టుకునేది లక్కర్ ప్రైమర్. దానికి ముందు గిన్నెల సబ్బుతో ఒకసారి కడగండి, అచ్చు నుంచి వచ్చిన నూనె పోతుంది. ఆ పైన ఎక్స్‌ఎఫ్-59 ఇసుక రంగు, దాని మీద ఎక్స్‌ఎఫ్-58 పచ్చ పట్టీలు చేత్తోనే ఎయిర్‌బ్రష్‌తో. 0.3 మిల్లీమీటర్ల సూది, 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి చాలు. ట్రాక్ పళ్లు రాసుకునే చోట, స్ప్రాకెట్ (ట్రాక్‌ను తిప్పే పళ్ల చక్రం) లోపలి అంచుల్లో ఏ రంగూ నిలవదు, అక్కడ వదిలేయడమే.

లక్కర్ ఓడిపోయే చోటు కూడా చెప్పాలి. హెయిర్‌స్ప్రే చిప్పింగ్ (రెండు రంగుల మధ్య హెయిర్‌స్ప్రే కొట్టి, పై రంగును పెచ్చులుగా లేపడం) చేసేవాళ్లకు పై రంగు లక్కరైతే పని జరగదు. నీళ్లతో తడిపి రుద్దితే లేచి రావాలి, లక్కర్ రాదు. అక్కడ ప్రైమర్ మాత్రం లక్కర్, పైన ఎక్స్-20ఏతో పలచన చేసిన టామియానో, నీటి అక్రిలిక్కో. రష్యా శీతాకాలపు సున్నం పూసిన టీ-34 చేసేవాళ్లకు ఇది ముఖ్యం. పరేడ్‌కు తుడిచి నిలబెట్టే భీష్మకు అంత పెచ్చులక్కర్లేదు, దుమ్ము చాలు. ఆ దుమ్ముకు మన చెల్క మట్టి జల్లించి వాడొచ్చా అంటే, పాత లుంగీ గుడ్డలో రెండు మూడుసార్లు వడకడితేనే. ఎర్రదనం ఎక్కువ కాబట్టి రాజస్థాన్ ఇసుకకు సరిపోదు. కుర్స్క్ నల్లమట్టి కావాలంటే మాత్రం మన రేగడి దగ్గరగానే ఉంటుంది.

రెండో లోపం వాన. జూలై, ఆగస్టులో గాలి తడిగా ఉన్నప్పుడు లక్కర్ కొడితే పొర మీద తెల్లటి మంచులా కమ్ముతుంది. థిన్నర్ ఆవిరైపోతూ చల్లబరిస్తే గాలిలో తేమ దాని మీద చేరుతుంది, అదీ సంగతి. ముసురు పట్టిన రోజు ఎయిర్‌బ్రష్ ముట్టుకోకండి. ఎండ కాసిన మధ్యాహ్నం చూసుకోండి. అప్పటికే తెల్లబడితే రిటార్డర్ ఉన్న థిన్నర్ ఒక్కటే పలచగా కొడితే చాలాసార్లు సర్దుకుంటుంది. డిసెంబర్, జనవరి మనకు బంగారు నెలలు.

మూడోది వాసన. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లను నేను నమ్మను. ఎన్95 మాస్క్ దుమ్మును ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిజ్ ఉన్న మాస్క్ కావాలి. డాబా మీదనో, ఫ్యాన్ బయటికి ఊదే కిటికీ దగ్గరనో కొట్టాలి. రిమోట్ ట్యాంకుల్లో బ్యాటరీ, బోర్డు ముందే తీసేయాలి. రెండు గదుల ఫ్లాట్, చంటిపిల్ల, డాబా తాళం ఓనర్ దగ్గర, ఇదీ మీ పరిస్థితైతే నా పక్షపాతాన్ని పక్కన పెట్టి నీటి అక్రిలిక్ తీసుకోండి. మంచి ప్రైమర్, పైన వార్నిష్, కొంచెం జాగ్రత్తగా ఎత్తడం. ట్యాంకు బాగానే వస్తుంది.

ఆటోనగర్ సంగతి ఎవరో ఒకరు తెస్తారు. “డెంటింగ్, పెయింటింగ్ షాపుల ఏ షేడైనా కలిపిస్తరు కద, లీటర్ల లెక్కన, దిగుమతి రంగులెందుకు?” మాటలో న్యాయముంది. అక్కడ దొరికేది రెండు రకాలు. హార్డెనర్ కలిపే 2కే పెయింట్ అస్సలు వద్దు. అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చేటు, ఇంట్లో పెట్టుకునే మాస్క్‌తో దానితో ఆడుకోకూడదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ మాత్రం ఒక రకం లక్కరే. 1/16కి కావాల్సినంత రంగు చవకగా వస్తుంది, ఇసుక రంగు నమూనా చూపిస్తే దగ్గరగా కలిపిస్తారు. చిక్కు దాని థిన్నర్‌తో. అది చాలా వేడి రకం, అంటే ప్లాస్టిక్‌ను గట్టిగా కరిగించేది. మీరు అతికించిన పాలీస్టైరిన్ షీట్ అంచులు కరిగి గుండ్రబడతాయి. ప్రైమర్ మీద, మంచు తుంపరలా పలచగా, పొరకూ పొరకూ మధ్య ఆగుతూ కొట్టగలిగితే పనికొస్తుంది. నిగనిగలాడుతుంది కాబట్టి చివర్లో మ్యాట్ క్లియర్ తప్పదు. ట్యాంకు అడుగు భాగానికీ చక్రాలకూ నేను సంతోషంగా వాడతాను. టరెట్‌కు వాడను.

స్ప్రే డబ్బాలు: ఒకే రంగు అమెరికా షెర్మన్‌కు చాలు, పట్టీలకు పనికిరావు. బైక్‌లకు కొట్టే డబ్బాలైతే పొర మందం. క్రాఫ్ట్ అక్రిలిక్‌లు, ఫెవిక్రిల్ లాంటివి, గోనె సంచులకు, తాడుకు బాగుంటాయి. ట్యాంకు ఒంటికి కాదు.

చివరిగా, బ్రాండ్లు కలపొచ్చా అని అడిగేవాళ్లకు. టామియా అక్రిలిక్, మిస్టర్ కలర్ థిన్నర్ కలుస్తాయి. నీటి అక్రిలిక్‌లో లక్కర్ థిన్నర్ పోస్తే మాత్రం గడ్డ కట్టి ఎయిర్‌బ్రష్ గొంతు మూసుకుపోతుంది. కొత్త జత ఏదైనా ముందు సీసా మూతలో రెండు చుక్కలు కలిపి పుల్లతో తిప్పండి. ముద్దలు కట్టిందంటే ఆ జత వద్దు.