లియోన్‌లో 97 మెట్లు, నాన్న మగ్గం

వంట వాసనకి 80 యూరోలు! ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మేం అద్దెకి దిగిన ఇంటి డిపాజిట్‌లోంచి ఇంటావిడ కోసుకున్న మొత్తం ఇది. మూడు రాత్రుల్లో అమ్మ ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఒక్క పూట. అదీ పప్పు, దానికి ఇంగువ పోపు. కిటికీలన్నీ తీసే ఉంచాం. అయినా "మసాలా వాసన తొలగించుటకు ప్రత్యేక శుభ్రత" అని మెయిల్ పెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. లేకపోతే ఇంత రాసే ఓపిక నాకు లేదు.

మేముండేది పారిస్ శివార్లలో. అమ్మానాన్న ధర్మవరం నుంచి రెండు నెలలు ఉందామని వచ్చారు. పారిస్‌లో చూపించాల్సినవన్నీ చూపించాం. నాన్న ఈఫిల్ టవర్ కింద నిలబడి "బాగుంది పాపా" అన్నాడు, ఎవరో తెలిసినవాళ్ళ కొత్త ఇల్లు చూసినట్టు. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. ఆయన గుంతమగ్గం మీద పైన బిగించి ఉండే జకార్డు, అంటే డిజైను నేయించే యంత్రం, పుట్టిన ఊరు ఇక్కడికి రెండు గంటల రైలు దూరంలో ఉందని మావారు గుర్తు చేసేదాకా నాకు తట్టలేదు, సిగ్గుచేటు. రైలు టికెట్లు నలుగురికి రానూపోనూ 268 యూరోలు అయ్యాయి. ముందే కొనుక్కుంటే ఇంకా తగ్గేవి, కానీ మా ఇంట్లో ఏదీ ముందే జరగదు.

బస కోసం నేనే వెతికి పెట్టాను కాబట్టి తిట్లు కూడా నావే. క్రోయ్ రూస్ అనే కొండమీది పేట, పాతకాలం నేతగాళ్ళ ఇల్లు, రెండు పడకగదులు, మూడు రాత్రులకి 412 యూరోలు. డబ్బు కట్టే పేజీకి వచ్చాక శుభ్రత ఖర్చు 65 కలిసింది. సరే అనుకున్నాం. పార్ దియు స్టేషన్‌లో దిగి, మూడు మెట్రోలు మారాం. చివరిది సి లైను, కొండ ఎక్కడానికి పట్టాల మధ్య పళ్ళపట్టీ ఉన్న రకం. నాన్నకి అది నచ్చింది. అమ్మకి కిందికి జారిపోతుందేమోనని టెన్షన్.

వీధి తలుపు కోడ్ కొట్టి లోపలికి వెళ్తే లిఫ్ట్ లేదు. ప్రకటన మళ్ళీ తెరిచి చూస్తే, అట్టడుగున, ఫ్రెంచ్‌లో మాత్రమే, "సాన్జ్ అసాన్సర్" అని ఉంది. లిఫ్ట్ లేదని అర్థం. ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకోండి, ఫ్రాన్స్‌లో పెద్దవాళ్ళతో తిరిగేటప్పుడు మిగతా ఫ్రెంచ్ రాకపోయినా ఫర్వాలేదు. నాలుగో అంతస్తే కదా అని బయలుదేరాం. మనవైపు నాలుగో అంతస్తు ఎక్కినంత ఎక్కాక చూస్తే ఇంకా మూడో అంతస్తు కూడా రాలేదు. అరిగిపోయిన రాతి మెట్లు, నడుమ గుంట పడి, అంచుల్లో నున్నగా. నాన్న లెక్కపెట్టాడు: 97. అమ్మ ప్రతి మలుపులోనూ కూర్చుని, నా వంక చూడకుండా, "మీ కూతురు బాగా వెతికింది" అని నాన్నకి చెప్పింది.

రెండో పడకగది ఏదంటే, గదిలోనే సగం ఎత్తులో కట్టిన చెక్క అటక. దానికి నిచ్చెన. తల ఎత్తితే దూలం తగులుతుంది. మావారూ నేనూ మూడు రాత్రులు అక్కడే పాక్కుంటూ పడుకున్నాం. మావారికి కోపమొస్తే మాట్లాడరు, ఆ మూడు రాత్రులూ మహా ప్రశాంతంగా గడిచాయి. ఇంటావిడకి ఫోన్ చేస్తే "అది అసలైన చారిత్రక అటక మదామ్, ఎంతోమంది ఇష్టపడతారు" అంది. అంత డబ్బు తీసుకుని నిచ్చెన ఎక్కించడం మోసమే అని నేను ఇప్పటికీ అంటాను.

మర్నాడు పొద్దున నది అవతల పాత లియోన్‌కి వెళ్ళాం. ఫూర్వియేర్ కొండ మీద తెల్లటి బజిలికా చర్చి, దాని పక్కన రోమన్ల కాలపు రంగస్థలం, కింద సెయింట్ జాన్ కేథడ్రల్‌లో 14వ శతాబ్దం నాటి గడియారం. అన్నీ బాగున్నాయి. కొండెక్కే కేబుల్ రైలుకి మెట్రో టికెట్టే చెల్లుతుంది, నడవకండి. 1998 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న పేట కాబట్టి జనం కూడా అలాగే ఉంటారు. ఒక దుకాణంలో "లియోన్ పట్టు" అని స్కార్ఫులు, ఒక్కోటి 15 యూరోలు. నాన్న ఒకటి తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒక్కసారి నలిపి మళ్ళీ అక్కడే పెట్టేశాడు. "పాలిస్టరు" అన్నాడు. అంతే. అమ్మ అప్పటికే మూడు చేతిలో పట్టుకుని ఉంది. అవి కూడా పెట్టేసింది. 45 యూరోలు మిగిలాయి.

మధ్యాహ్నం భోజనానికి ఒక బుషోన్‌లో కూర్చున్నాం. లియోన్‌లో సంప్రదాయ భోజనశాలల్ని అలా అంటారు, గళ్ళ బట్ట పరిచిన ఇరుకు బల్లలు, పందిమాంసం, బోటి ఎక్కువ. ఒక వంటకం బోటి అని మావారు చదివి చెప్పగానే నాన్న మొహం వెలిగింది. ఏ జంతువుదో అడగమన్నాడు. ఎద్దుదట. మెనూ మూసేశాడు. పైగా శనివారం, అమ్మకి మాంసం ముట్టే రోజు కాదు. వెయిటర్ "సలాడ్‌లో చిన్న చిన్న మాంసం ముక్కలే మదామ్" అని ఓదార్చాడు.

ఇంక లేచి వెళ్దామనుకుంటుండగా ఆయనే ఒక మాట అన్నాడు: సెర్వెల్ ద కాన్యూ తింటారా అని. కాన్యూ అంటే లియోన్ పట్టు నేతగాడు. సెర్వెల్ అంటే మెదడు. నేతగాడి మెదడు! నాన్నకి చెప్తే గట్టిగా నవ్వాడు. వచ్చింది చూస్తే పేరుకి తప్ప ఎక్కడా మెదడు లేదు. గట్టి పెరుగు లాంటి మెత్తటి తాజా చీజ్, అందులో సన్నగా తరిగిన ఉల్లి, వెల్లుల్లి, పచ్చి ఆకులు, కాస్త వెనిగర్, ఆలివ్ నూనె. పక్కన పొగలు కక్కుతూ ఉడికించిన బంగాళాదుంపలు. 9 యూరోలు. అచ్చం మన పెరుగు పచ్చడే, కాకపోతే చిక్కగా. అమ్మ సంచిలోంచి చెనిక్కాయల పొడి పొట్లం తీసి, అటూ ఇటూ చూసి, పైన చల్లింది. ఇంకో గిన్నె తెప్పించుకున్నాం. నాన్న కెనెల్ తిన్నాడు, 19 యూరోలు. నదిచేప కలిపి చేసిన పెద్ద కుడుము, పొంగి, నారింజరంగు పులుసులో తేలుతూ వచ్చింది. ఉప్పూకారం లేవన్నాడు, కానీ గిన్నె మాత్రం బ్రెడ్డుతో తుడిచాడు. నలుగురికీ కలిపి 74 యూరోలు. మొత్తం యాత్రలో పైసా కూడా బాధ అనిపించని బిల్లు ఇదొక్కటే.

సాయంత్రం మళ్ళీ మా కొండకి వచ్చి మెజాన్ దే కాన్యూకి వెళ్ళాం. నేతగాళ్ళ మ్యూజియం, చిన్నదే. ఆదివారం మూసేస్తారు కాబట్టి శనివారమే పెట్టుకున్నాం. గైడ్ చెప్పడం ఫ్రెంచ్‌లో, మావారు ఒక్కో వాక్యం తెలుగు చేసేవారు, అదీ మొదటి పది నిమిషాలే. ఆ తర్వాత మగ్గం దగ్గరికి వెళ్ళాం. నాన్నకి అనువాదం అక్కర్లేకపోయింది.

ఎత్తయిన కొయ్య మగ్గం. దాని నెత్తిన జకార్డు. దారంతో కుట్టిన అట్టలు గొలుసులా వేలాడుతున్నాయి, ఒక్కో అట్టకీ చిన్న చిన్న రంధ్రాలు. గైడ్ తొక్కుడు పలక నొక్కింది. పైన ఒక అట్ట తిరిగి వచ్చి కూర్చుంది, రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచింది, లేనిచోట లేవలేదు, పడుగు రెండుగా విడిపోయింది, నాడె అటునుంచి ఇటు దూసుకొచ్చింది. ఈ చప్పుడుకి లియోన్‌లో ఒక మాటే ఉందట: బిస్తాంక్లాక్ పాఁ. నాన్న మెడ చాచి, కళ్ళు చిట్లించి, "మన మగ్గమే పాపా" అన్నాడు. తర్వాత ఇంకొంచెం సేపు చూసి, "అట్టలు కూడా మనవాళ్ళు కుట్టినట్టే కుట్టినారు" అన్నాడు.

మావారు గైడ్‌కి ఈయన నేతగాడని చెప్పారు. ఆవిడ మిగతా గుంపుని ఆపేసి నాన్న వైపు తిరిగింది. తెగిన పోగు ఎలా అతుకుతారు అని చేతులతోనే అడిగి, రెండు పట్టు పోగులు ఇచ్చింది. నాన్న వేళ్ళు కాస్త తడి చేసుకుని, రెండు కొనలూ పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్క దొర్లింపు. ముడి లేదు. ఆవిడ లాగి చూసింది, ఊడలేదు. గుంపులో ఒక ముసలాయన "బ్రావో" అన్నాడు. అమ్మ కొంగు సర్దుకుని మరీ నిలబడింది, ఆ పని నేర్పింది తనే అన్నట్టు.

జకార్డుని తయారుచేసిన జోసెఫ్ మారీ జకార్డ్ ఈ ఊరివాడే, 1752లో పుట్టాడు. 19వ శతాబ్దం మొదట్లో ఈ యంత్రం వచ్చినప్పుడు పని పోతుందని నేతగాళ్ళే మండిపడ్డారు. తర్వాత దాన్ని పట్టించడానికే క్రోయ్ రూస్‌లో నాలుగు మీటర్ల ఎత్తు కప్పులతో ఇళ్ళు కట్టారు. మగ్గం నేలమీద, దాని పక్కన కట్టిన అటక మీద కుటుంబం నిద్ర. ఇది వినగానే మావారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా 97 మెట్లు, మా నిచ్చెన, మా "రెండో పడకగది" అన్నీ అక్కడ గోడమీద బొమ్మ గీసి ఉన్నాయి.

గైడ్ 1831 తిరుగుబాటు గురించి చెప్పినప్పుడు నాన్న మళ్ళీ ఆపాడు. పట్టు వ్యాపారి ఇచ్చేవాడు, నేసి ఇస్తే ముక్కకింత అని కూలి. ఆ కూలికి ఒక కనీస ధర కట్టమని అడిగారు. ప్రభుత్వ అధికారి ఒప్పించినా వ్యాపారుల్లో కొంతమంది "ఇవ్వం" అన్నారు. నవంబర్‌లో నేతగాళ్ళు నల్లజెండా పట్టుకుని కొండ దిగారు. "పనిచేస్తూ బతుకుదాం, లేదా పోరాడుతూ చద్దాం" అన్నది వాళ్ళ నినాదం. "ఇక్కడా షావుకార్లేనా" అన్నాడు నాన్న. మావారు అది అనువదించలేదు.

బయటికొస్తూ అక్కడి దుకాణంలో నాన్న వేలెడు వెడల్పు పట్టు పట్టీ ఒకటి కొన్నాడు, పుస్తకంలో గుర్తుకి పెట్టుకునేది. 12 యూరోలు. యూరోని నూరు రూపాయలుగా లెక్కేసుకుని ప్రతి కాఫీకీ గుండె పట్టుకునే మనిషి, దానికి మాత్రం బేరం కూడా చేయలేదు. నలిపి చూశాడంతే.

ఆదివారం బులివార్డు మీద సంత తిరిగాం (సోమవారం ఉండదు), అత్తిపళ్ళు తిన్నాం, ట్రాబూల్ అనే ఇళ్ళ మధ్య దారుల్లో నడిచాం. పట్టు వానకి తడవకుండా వాటిలోంచి మోసుకెళ్ళేవాళ్ళట. అవి ఉచితం, కానీ లోపల మనుషులు కాపురముంటారు, గట్టిగా మాట్లాడకండి. నేతగాళ్ళ గోడ అని 1,200 చదరపు మీటర్ల బొమ్మ ఉంది, దూరం నుంచి నిజం మెట్లే అనిపిస్తాయి. అమ్మ అటు చూడనని మొండికేసింది. బొమ్మలో అయినా సరే, మెట్లు వద్దంది.

సోమవారం పొద్దున పెట్టెలు దించుతుంటే నాన్న రెండో అంతస్తులో ఆగి కప్పు వైపు చూశాడు. "మగ్గం పట్టాలంటే ఇంతెత్తు ఉండాల్సిందేలే పాపా." కింది మలుపులోంచి అమ్మ గొంతు వినిపించింది: "మోకాళ్ళు కూడా పట్టాలి గదా."

డిపాజిట్ గొడవ మూడు వారాలు నడిచింది. మావారు ఫ్రెంచ్‌లో నాలుగు మెయిళ్ళు పెట్టారు, ఫొటోలు జతచేశారు. 80లో 50 వెనక్కి వచ్చాయి. మిగతా 30 ఇంగువ ఖాతాలో రాసుకున్నాం.