టీయూ-142 మ్యూజియం: లెక్కలు రాని వాళ్లు పిల్లలతో వెళ్లకండి

విశాఖ ఆర్కే బీచ్‌కి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు, మురీ మిక్చర్ తినడం, సబ్‌మెరైన్ మ్యూజియంకి ఎదురుగా ఉన్న ఈ టీయూ-142 విమానాన్ని చూసి మళ్లీ వద్దాంలే అనుకోవడం, ఇదే మా పని. మొన్న ఆదివారం మా గుంటడు పట్టుపట్టి లాక్కెళ్లాడు, ఆరో క్లాసు, స్కూల్లో వేగం-దూరం లెక్కలు నడుస్తున్నాయి మరి.

సముద్రం మీద కాపలా కాస్తూ సబ్‌మెరైన్లని వెతికే ఈ రకం విమానాలు 1988 నుంచి 2017 దాకా మన నేవీలో 29 ఏళ్లు చేశాయి, 30 వేల గంటలు ఎగిరాయి, ఒక్క ప్రమాదం లేదు. సబ్‌మెరైన్ చప్పుడు వినడానికి నీళ్లలో పడేసే సోనోబాయ్‌లు కూడా పెట్టారు గానీ నేనైతే ఫ్యాన్ల దగ్గరే ఆగిపోయాను. ఒక్కో ఇంజిన్‌కి ముందు నాలుగు రెక్కలు, వాటి వెనకే ఇంకో నాలుగు, ముందువి ఇటు తిరిగితే వెనకవి అటు. ముందువి సుడి తిప్పి వదిలేసిన గాలిని వెనకవి పట్టుకుని మళ్లీ తోపుకి వాడేస్తాయన్నమాట. అందుకే జెట్ కాకపోయినా గంటకి 925 కిలోమీటర్ల దాకా పోతుంది.

ఇక మావాడు మొదలెట్టాడు. 1903లో రైట్ బ్రదర్స్ మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 36.5 మీటర్లు, అంటే గంటకి 11 కిలోమీటర్లు. "నాన్నా, ఈ విమానం రెక్కలే ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు, వాళ్లు అంత దూరం కూడా ఎగర్లేదా!" నిజమే, నాకూ ఎప్పుడూ తట్టలేదు. అదే 12 సెకన్లలో ఇది 3 కిలోమీటర్లు దాటేస్తుంది, 84 రెట్లు. మన దేశం గొప్ప కూడా చెప్పాలి కదా అని 1911లో అలహాబాద్ నుంచి నైనీకి ఉత్తరాలు మోసిన విమానం సంగతి చెప్పాను, ప్రపంచంలో మొదటి అధికారిక ఎయిర్ మెయిల్ అదే. దాదాపు 10 కిలోమీటర్లు, 13 నిమిషాలు. వాడు వేళ్ల మీదే లెక్కేసి "46, నీ స్కూటీ స్పీడే" అనేశాడు.

మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, ఉక్కపోతకి చచ్చాం. సాయంత్రమైతే చూసేసి అటే ఇసకలోకి దిగిపోవచ్చు. మేం దిగి నా అడుగులతో 48 కొలిచాం, సుమారు 36 మీటర్లు. వాడు పరిగెత్తాడు, ఫోన్‌లో 10 సెకన్లు. "రైట్ బ్రదర్స్‌ని కొట్టేశా!" అని ఒకటే గోల. ఒరే, వాళ్లు గంటకి 40 కిలోమీటర్లకి పైగా వీస్తున్న గాలికి ఎదురెళ్లార్రా అన్నాను. ఆగి సముద్రం వైపు చూశాడు, "అయితే గాలొచ్చేదాకా ఉందాం" అన్నాడు, ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర.