అవార్డా, షోలా, సినిమా పాటా: కొత్త బ్యాండుకి ఏది మేలు?

"అన్నా, ఈ కాంపిటీషన్‌కి ఎంట్రీ కట్టమంటావా, లేక ఆ డబ్బుతో రెండు షోలు చేసుకోమంటావా?" ఈ రెండు నెలల్లో నన్ను ఇలా అడిగినవాళ్లు తక్కువలో తక్కువ పదిమంది ఉంటారు. అందరూ మన హైదరాబాద్ పిల్లలే, ఆఫీసు అయ్యాక కొండాపూర్‌లో జామ్ రూము, అంటే ప్రాక్టీసు గది, గంటల లెక్కన తీసుకుని, రాత్రి పదిన్నరకి గిటారు వీపున వేసుకుని బండెక్కే రకం. మా బ్యాండుకీ మొన్న జనవరిలో ఇదే పరీక్ష వచ్చింది. చేతిలో ఉన్నది 40 వేలు. మేం షోలకే పెట్టాం.

అలాగని అవార్డు వల్ల ఏమీ రాదని నేననను. అమెరికా గాయని బానీ రెయిట్ సంగతే తీసుకోండి. ఆవిడది బ్యాండు కాదు గానీ రాక్ వాళ్లకి పనికొచ్చే కథే. 1989లో వచ్చిన ఆవిడ ఆల్బమ్, 1990 ఫిబ్రవరిలో గ్రామీ గెలిచాకే అమెరికాలో నంబర్ వన్‌కి వెళ్లింది. కానీ ఆవిడ మొదటి ఆల్బమ్ ఎప్పటిది? 1971. అంత కాలం పాడుతూనే ఉంది కాబట్టి, గ్రామీ పేరు విని షాపుకి వెళ్లినవాళ్లకి ఆవిడ పాతవి కూడా వరసగా దొరికాయి. ఇంగ్లండ్‌లో ఎల్బో అనే బ్యాండుకి 2008లో మెర్క్యురీ ప్రైజ్, అంటే అక్కడ ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే అవార్డు, వచ్చి దశ తిరిగింది, అది వాళ్ల నాలుగో ఆల్బమ్.

ఇంకోవైపు ఇంగ్లండ్ రాక్ బ్యాండు ఆర్కిటిక్ మంకీస్‌ని చూడండి. 2006 జనవరిలో వాళ్ల మొదటి ఆల్బమ్ బ్రిటన్‌లో ఒక్క వారంలో 3 లక్షల 60 వేల కాపీలకు పైగా పోయింది, మెర్క్యురీ వచ్చింది సెప్టెంబరులో. షోలలో సీడీలు ఊరికే పంచి, అవి చేతులు మారి, జనం ముందే పాటలు నోటికి నేర్చుకుని ఉన్నారు. అమెరికా మెటల్ బ్యాండు మెటాలికా అయితే 1989లో హార్డ్ రాక్, మెటల్ గ్రామీని జెత్రో టల్ అనే బ్యాండుకి పోగొట్టుకుంది. తర్వాత 1991లో తెచ్చిన ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటిన్నరకు పైగా అమ్ముడైంది. మన దగ్గర ముంబై రాక్ బ్యాండు ఇండస్ క్రీడ్‌కి 90ల మొదట్లో ఎంటీవీ అవార్డు వచ్చింది, దేశమంతా పేరు మోగింది, అయినా 1997కల్లా బ్యాండు ఆగిపోయింది. మళ్లీ కలవడానికి 2010 దాకా పట్టింది.

ఇవన్నీ చూశాక నాకు అర్థమైంది ఒకటే. అవార్డు షోకి మన రేటు పెంచుతుంది, జనాన్ని పుట్టించదు. ఉన్న జనాన్ని పదింతలు చేయొచ్చు, సున్నాని ఎన్నింతలు చేసినా సున్నాయే. అందుకే నేను చూసే లెక్క ఒక్కటే: రెండోసారి ఎంతమంది వచ్చారు?

మేం షోలు మొదలుపెట్టినప్పుడు తలుపు దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ పెట్టాం. మా డ్రమ్మర్ వాళ్ల చెల్లి కూర్చుని వచ్చినవాళ్ల పేరు రాసి, పక్కన "ఇంతకుముందు మా షోకి వచ్చారా?" అని అడిగి అవును, కాదు అని టిక్కు పెట్టేది. జూబ్లీహిల్స్‌లో ఒక కేఫ్‌లో మొదటి షోకి 34 మంది, సగానికి పైగా మా ఫ్రెండ్సే. మూడో షోకి 61 మంది, అందులో "అవును" 22. ఆ రోజు మా సొంత పాట రెండో చరణంలో నా మైక్ పోయింది. ముందు వరసలో ఒకమ్మాయి, నాకు అస్సలు తెలియని అమ్మాయి, ఆగకుండా పాడేసింది, పక్కనున్న నలుగురూ అందుకున్నారు. మైక్ సరిచేసేలోపు చరణం అయిపోయింది. నేను దాన్ని ఏ ట్రోఫీతోనూ మార్చుకోను.

ఇక రేటు విషయం. హైటెక్ సిటీ కార్పొరేట్ పార్టీలకి బుక్ చేసే మేనేజర్లు నిజంగానే "ఏమైనా అవార్డు ఉందా?" అని అడుగుతారు, ఉంటే అడ్వాన్స్ కూడా పెద్దదే ఇస్తారు. నాకు బాగా కావాల్సిన ఒక బ్యాండు దేశం మొత్తం మీద జరిగిన పోటీలో గెలిచింది, ఒక ఏడాది వాళ్ల రేటు రెట్టింపు అయింది. కానీ అక్కడ అందరూ అడిగింది సినిమా పాటల కవర్లే, అంటే వేరేవాళ్ల పాటలు మళ్లీ పాడటమే. సొంత పాటలతో టిక్కెట్ షో పెడితే మళ్లీ స్నేహితులే వచ్చారు. కుటుంబం గడవాలంటే ఆ కార్పొరేట్ డబ్బు చాలా అవసరం, దాన్ని చిన్నచూపు చూడను. కాకపోతే అది బ్యాండుకి పునాది కాదు.

"మీరు నామినేట్ అయ్యారు, 18 వేలు కడితే స్టేజి మీద ఇస్తాం" అని మెయిల్ వస్తే మాత్రం దయచేసి కట్టకండి. మాకూ వచ్చింది. ఆ డబ్బుకి రెండు పాటలు మిక్సింగ్ అవుతాయి.

సినిమా పాట దారి పెద్దదే. చౌరస్తా బ్యాండులో పాడిన రామ్ మిరియాల 2021లో జాతిరత్నాలు పాటతో ఇంటింటికీ తెలిశాడు, చాలా సంతోషం. కానీ సినిమా పిలిచేది ఒక గొంతుని, ఐదుగురు ఉన్న బ్యాండుని కాదు. ఆ పిలుపు వస్తే వెళ్లండి, కాకపోతే పాట హక్కులు ఎవరికి పోతున్నాయో చదివి సంతకం పెట్టండి.

రీల్స్ అందరూ చేస్తున్నదే, షో తేదీ చెప్పడానికి సరిపోతాయి. స్ట్రీమింగ్ డబ్బు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, 2024 నుంచి పాటలు వినే యాప్ స్పాటిఫైలో ఏడాదిలో 1000 సార్లు వినని పాటకి పైసా రాదు.

ఎంట్రీ ఉచితమైతే ఈ రాత్రే పంపేయండి, పోయేదేం లేదు. డబ్బు కట్టాల్సినదైతే, గెలిచిన మర్నాడు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి వినిపించడానికి కనీసం ఆరు సొంత పాటలు, చెప్పడానికి రెండు షో తేదీలు ఉన్నాయా చూసుకోండి. మాకు పాటలు నాలుగే ఉన్నాయి. నోట్‌బుక్‌లో ఒక్క షోకి "అవును"లు వంద దాటిన నెలలో మేమూ కడతాం.