రాక్‌బాక్స్‌కు ప్లేయరు కనపడకపోతే: దానినే వెతకనివ్వాలా, మనమే చూపించాలా?

పర్లాకిమిడిలో మా ఇంట 2009 నాటి శాన్‌డిస్క్ కంపెనీ పాటల ప్లేయరు, సాన్సా క్లిప్ ప్లస్ ఒకటి ఇంకా పనిచేస్తున్నది. నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించిన హరికథలన్నీ అందులోనే ఉన్నాయి. దానిలో రాక్‌బాక్స్ (ప్లేయరుతో వచ్చిన సాఫ్ట్‌వేరుకు బదులుగా వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేరు) వేయాలని మొన్న మా మేనల్లుడు కూర్చుంటే, దానిని ఎక్కించే కంప్యూటరు ప్రోగ్రాము రాక్‌బాక్స్ యుటిలిటీ ఎంత వెతికినా ప్లేయరు దొరకలేదన్నది. అప్పుడు మా ముందు మూడు దారులున్నాయి: ప్లేయరును దానంతటదే వెతికే ఆటో డిటెక్ట్‌నే మళ్లీ నడపడం, అదే యుటిలిటీలో మోడలునూ డ్రైవునూ మనమే ఎంచి చూపించడం, లేదా యుటిలిటీని పక్కనపెట్టి ఫైళ్లను చేత్తో వేసుకోవడం.

“మావయ్యా, కంప్యూటర్లో పాటలు కనిపిస్తూనే ఉన్నాయి కదా, దీనికి మాత్రం ఎందుకు కనపడదు?” అని వాడడిగిన దానిలోనే చిక్కంతా ఉన్నది. ప్లేయరు ఎమ్‌టీపీ పద్ధతిలో కలిసినప్పుడు కంప్యూటరు ఒక్కొక్క ఫైలును ప్లేయరును అడిగి తెచ్చుకుంటుందే తప్ప దానికి డ్రైవు అక్షరం ఇవ్వదు, యుటిలిటీకి కావలసినది మాత్రం పెన్‌డ్రైవులా నేరుగా రాయదగిన డ్రైవు. ప్లేయరు సెట్టింగ్స్‌లో, సిస్టమ్ సెట్టింగ్స్ కింద, యూఎస్‌బీ మోడ్‌ను పెన్‌డ్రైవులా కలిపే ఎమ్‌ఎస్‌సీకి మార్చి తీగ తీసి మళ్లీ పెట్టేదాకా ఆటో డిటెక్ట్‌ను పదిసార్లు నొక్కినా ఫలితం ఉండదు.

అంతకు ముందు తేల్చుకోవలసినది తీగ సంగతి. క్లిప్ ప్లస్‌కు పట్టేది పాత మినీ యూఎస్‌బీ. ఇంట్లో మిగిలిపోయిన అటువంటి తీగలలో కొన్నింటికి లోపల చార్జింగు తీగలే తప్ప డేటా తీగలుండవు. లైనక్స్‌లో ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ (lsusb) అనే ఆదేశం కొడితే శాన్‌డిస్క్ సంఖ్య 0781తో ఒక వరుస రావాలి. అది రాలేదంటే తప్పు తీగదో పోర్టుదో గాని యుటిలిటీది కాదు.

వరుస వచ్చి, డ్రైవు కూడా తెరుచుకున్న తరువాత నేను ఎంచుకునేది రెండవ దారినే. ఆటో డిటెక్ట్ అన్నది సౌకర్యం మాత్రమే. మోడలు పేరు పెట్టె మీదనే ఉన్నప్పుడు దానికోసం ఊహించే పని యంత్రానికి అప్పగించనక్కరలేదు. అయితే ఈ దారిలో ఒక గుంట ఉన్నది, అందులో మేమూ పడ్డాము. మెమరీ కార్డు ఉన్న క్లిప్ ప్లస్ ఎమ్‌ఎస్‌సీలో రెండు డ్రైవులుగా కనపడుతుంది. మావాడు పెద్దదానిని, అంటే కార్డును ఎంచాడు. అంతా సవ్యంగా ముగిసినట్లే తెర చెప్పింది, ప్లేయరు మాత్రం పాత మెనూతోనే లేచింది. కార్డు తీసేసి, ఒక్క డ్రైవే మిగిలేలా చేసి మళ్లీ నడిపాము.

ఐపాడ్‌ల లెక్క వేరు. 5వ తరం వీడియో ఐపాడ్‌లో బూట్‌లోడరును (ఆన్ చేయగానే రాక్‌బాక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రామును) డిస్కు మీది ఫర్మ్‌వేర్ (యంత్రం సొంత సాఫ్ట్‌వేరు) విభాగంలోనే రాయవలసి ఉంటుంది కాబట్టి, యుటిలిటీని అడ్మినిస్ట్రేటరుగా నడపకపోతే కళ్లముందున్న ఐపాడ్‌నే లేదంటుంది. పైగా మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్ అయితే ఏ దారీ పనికిరాదు, ఎందుకంటే రాక్‌బాక్స్‌కు ఎఫ్‌ఏటీ32 అనే డిస్కు ఫార్మాట్ కావాలి. మార్చితే పాటలన్నీ పోతాయి కాబట్టి ముందుగా వాటిని వేరేచోట దాచుకోవాలి.

మూడవ దారిని మొదటిసారి వేసేవారికి నేను సూచించను. క్లిప్ ప్లస్‌లో అసలు ఫర్మ్‌వేర్ ఫైలుకే బూట్‌లోడరును అతికించి, ఆ ఫైలును ప్లేయరు లోపలి మెమరీలో పెట్టి అప్‌డేట్ చేయించాలి. ఆ అతుకు పనిని యుటిలిటీకి వదలడమే క్షేమం. ఒకసారి బూట్‌లోడరు కుదిరాక మాత్రం కొత్త వెర్షన్లకు చేతి పనే సులువు: మన మోడలుకు చెందిన జిప్ ఫైలును లోపలి మెమరీ మొదటి అంచెలో విప్పితే, దాగి ఉన్న డాట్ రాక్‌బాక్స్ ఫోల్డరు దానంతటదే నిండుతుంది, ఆటో డిటెక్ట్‌తో పనే పడదు.