నడిరాత్రి మెలకువకు ఏది మేలు: నిద్రమాత్రా, పడక వేళల సవరణా?

పడుకోగానే నిద్ర పట్టినా, రెండింటికో మూడింటికో మెలకువ వచ్చి, ఆపైన తెల్లవార్లూ పక్క మీద దొర్లేవారి ముందు సాధారణంగా రెండు దారులు ఉంటాయి. ఒకటి నిద్రమాత్ర. రెండవది పడుకునే, లేచే వేళలనూ, పక్క మీద గడిపే సమయాన్నీ ఒక పద్ధతి ప్రకారం మార్చుకునే చికిత్స; వైద్యులు దీనిని సీబీటీ-ఐ అంటారు. కొద్ది రోజుల కష్టానికి మాత్ర పనికొస్తుంది గానీ, నెలల తరబడి సాగుతున్న కష్టానికి వేళల సవరణే మేలని నా నిశ్చితాభిప్రాయం.

నిద్ర రాత్రంతా ఒకే తీరుగా సాగదు. సుమారు 90 నిమిషాలకు ఒక ఆవృత్తం చొప్పున రాత్రికి నాలుగైదు ఆవృత్తాలు నడుస్తాయి. గాఢనిద్రలో ఎక్కువ భాగం మొదటి ఆవృత్తాలలోనే పూర్తయిపోతుంది కనుక, తెల్లవారుజామున సాగేది చాలావరకు తేలిక నిద్ర, కలల నిద్రే. ఒక ఆవృత్తం ముగిసి మరొకటి మొదలయ్యే చోట కాసేపు మెలకువ రావడం అందరికీ ఉన్నదే. వెంటనే నిద్రలోకి జారుకుంటాము కాబట్టి పొద్దునకు గుర్తుండదు. వయసు పైబడేకొద్దీ గాఢనిద్ర తగ్గి ఈ మెలకువలు పెరుగుతాయి. అందుచేత మెలకువ రావడాన్నే జబ్బుగా భావించి భయపడనక్కరలేదు. మళ్లీ నిద్ర పట్టకపోవడం, దాని వల్ల పగటి పనులు దెబ్బతినడం, ఇది వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా సాగుతుండడం, ఈ మూడూ కలిసినప్పుడే దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు.

పై రెండు దారులలో దేనికీ లొంగని మెలకువలు కొన్ని ఉన్నాయి. గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేచేవారికి ఉన్నది స్లీప్ ఆప్నియా కావచ్చు. వారు నిద్రమాత్ర వేసుకుంటే ఊపిరి ఇబ్బంది మరింత పెరిగే ప్రమాదం ఉంది. రాత్రి పదే పదే మూత్రానికి లేవవలసి వస్తుంటే మధుమేహం, ప్రోస్టేట్ వాపు, సాయంత్రం వేసుకునే నీరు తీసే మాత్ర వంటి కారణాలు చూడాలి. ఆప్నియా వల్ల కూడా ఇలా జరుగుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. కాళ్లు కదిలిస్తే తప్ప ఊరుకోలేనంత అసహనం పుట్టేవారు రక్తంలో ఇనుము నిల్వలను పరీక్ష చేయించుకోవాలి. మనసు కుంగిపోయి, చీకటితోనే మెలకువ వచ్చేస్తున్నవారికి ముందుగా కావలసింది ఆ కుంగుబాటుకు చికిత్స. ఇవేవీ లేవని తేలిన తరువాతే మాత్రనూ వేళల సవరణనూ పోల్చి చూడడంలో అర్థం ఉంటుంది.

మాత్ర బలం దాని వేగంలో ఉంది. ఇంట్లో మరణం సంభవించినప్పుడో, పెద్ద ఆపద ముంచుకొచ్చినప్పుడో కంటి మీద కునుకు లేక నలిగిపోతున్న మనిషిని వారాల పాటు ఓపిక పట్టమనడం న్యాయం కాదు. వైద్యుని సలహా మీద కొద్ది రోజులు మాత్ర వేసుకోవడంలో తప్పు లేదు. అయితే నడిరాత్రి మెలకువ విషయంలో దీనికొక పరిమితి ఉంది. విరివిగా వాడే జోల్పిడెమ్ సాధారణ మాత్ర ప్రభావం కొద్ది గంటలలోనే తగ్గిపోతుంది కాబట్టి, అది నిద్ర పట్టించడానికి ఉపయోగపడినంతగా రాత్రి చివరి భాగాన్ని కాపాడలేదు. పోనీ మెలకువ వచ్చాక మూడింటికి వేసుకుందామా అంటే, మగత పొద్దున దాకా ఉండిపోతుంది. రాత్రి వేసుకున్న మందు మరునాటి ఉదయం వాహనం నడిపే సామర్థ్యాన్ని దెబ్బతీసేంతగా రక్తంలో మిగిలి ఉండవచ్చని గుర్తించి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో మహిళలకు సూచించే మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. నిద్రలోనే లేచి నడవడం, వాహనం నడపడం వంటి ఘటనల దృష్ట్యా 2019లో ఈ జాతి మందుల పెట్టె మీద తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది. పెద్దవారు రాత్రి బాత్రూమ్‌కు లేచి తూలి పడడం, తుంటి ఎముక విరగడం ఈ మందుల వల్ల వచ్చే అసలైన ముప్పు. అరవై అయిదు దాటినవారికి వీటిని నేను చివరి దారిగానే లెక్కిస్తాను.

చీటీ లేకుండా కొనగలిగే అలర్జీ మాత్రలను, ముఖ్యంగా డైఫెన్‌హైడ్రమిన్‌ను, నిద్ర కోసం వాడేవారున్నారు. శరీరం కొద్ది రోజులకే దానికి అలవాటు పడుతుంది. నోరు ఎండడం, మూత్రం బిగబట్టినట్లు కావడం, వృద్ధులలో తికమక మాత్రం మిగులుతాయి. మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ మాత్ర శరీర గడియారాన్ని ముందుకో వెనకకో జరపడానికి, అంటే దూరదేశ ప్రయాణాల తరువాత కుదురుకోవడానికి, పనికొస్తుంది గానీ, మామూలు మాత్ర రక్తంలో త్వరగా తగ్గిపోతుంది కాబట్టి నడిరాత్రి మెలకువకు దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. మద్యం సంగతి చెప్పనే అక్కరలేదు: తొలి జామున జోకొట్టి, రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. న్యాయంగా ఒక్క మాట చేర్చాలి. అతి తక్కువ మోతాదులో, అంటే 3 లేదా 6 మిల్లీగ్రాములు, ఇచ్చే డాక్సెపిన్ అనే మందును మధ్యలో తెగిపోయే నిద్ర కోసమే 2010లో అమెరికాలో ఆమోదించారు. మాత్ర తప్పదనుకున్నవారు దాని గురించి వైద్యుణ్ని అడగవచ్చు.

ఇక వేళల సవరణ. దీనిలో రెండు ముఖ్యమైన అంశాలున్నాయి. మొదటిది 1972లో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ ప్రతిపాదించినది: నిద్ర రాకపోతే పక్క మీద ఉండవద్దు. కళ్లు మూసుకుని పడుకుంటే విశ్రాంతి అయినా దక్కుతుంది కదా అని చాలామంది వాదిస్తారు. ప్రశాంతంగా పడుకోగలిగినవారికి అది నిజమే. కానీ గడియారం చూసి, ఇప్పుడు పట్టినా మూడు గంటలే కదా అని లెక్కలు వేసుకుంటూ, రేపటి పనులు తలచుకుని గుండె దడ పెంచుకునేవారికి పక్కే మెలకువకు గుర్తుగా మారిపోతుంది. ఆ రాత్రులు పోగుపడేకొద్దీ దిండు మీద తల ఆనించగానే మనసు చురుకెక్కుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు గడిచాయని తోచగానే లేచి, మసక వెలుతురులో కుర్చీలో కూర్చుని, ఇదివరకు చదివిన పుస్తకమేదైనా తిరగేసి, కళ్లు వాలినప్పుడే మళ్లీ పక్క ఎక్కాలి. ఆ ఇరవై నిమిషాలు అంచనాగానే లెక్కపెట్టాలి. గడియారాన్ని గోడ వైపు తిప్పి ఉంచడం మొదటి రాత్రి నుంచే చేయదగిన పని.

రెండవది 1987లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ వివరించినది. ఎక్కువ ఫలితం ఇచ్చేది, ఎక్కువ కష్టమైనది ఇదే. ఒక వ్యక్తి రాత్రి 10 గంటలకు పడుకుని ఉదయం 6 గంటలకు లేస్తున్నాడని, ఎనిమిది గంటలలో నిజంగా నిద్రపోతున్నది అయిదున్నర గంటలేనని అనుకుందాం. నిద్ర చాలడం లేదని అతడు తొమ్మిదింటికే పక్క ఎక్కాలని చూస్తాడు. చేయవలసింది దానికి విరుద్ధం: లేచే వేళను 6 గంటలకే ఉంచి, పడుకునే వేళను పన్నెండున్నరకు జరపాలి. పగటి కునుకు మానాలి. మెలకువగా గడిపిన సమయం పెరిగేకొద్దీ నిద్ర ఒత్తిడి, అంటే నిద్ర కోసం శరీరంలో పెరిగే అవసరం, పేరుకుని, పట్టిన నిద్ర లోతుగా, తెగకుండా సాగుతుంది. వారం గడిచాక పక్క మీద గడిపిన సమయంలో కనీసం 85 శాతం నిద్రపోతుంటే, పడుకునే వేళను 15 నిమిషాలు ముందుకు తేవాలి. ఇలా వారం వారం సరిపడినంత నిద్ర కుదిరే దాకా పెంచుకుంటూ పోవాలి. పక్క మీద గడిపే సమయాన్ని మాత్రం అయిదు గంటల కన్నా తగ్గించకూడదు.

మొదటి ఒకటి రెండు వారాలు పగలు ఆవులింతలతో, చిరాకుతో గడుస్తాయి. ఎక్కువమంది విడిచిపెట్టేది ఆ రోజుల్లోనే. వాహనాలు, యంత్రాలు నడిపేవారు, మూర్ఛ లేదా బైపోలార్ రుగ్మత ఉన్నవారు ఈ రెండవ అంశాన్ని సొంతంగా చేపట్టకూడదు. అయినప్పటికీ దీర్ఘకాలిక నిద్రలేమికి తొలి చికిత్సగా సీబీటీ-ఐనే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. యూరప్ నిద్ర పరిశోధన సంఘం కూడా ఆ మాటే చెప్పింది. మాత్ర మానగానే దాని మేలు ఆగిపోతుంది. ఈ పద్ధతిలో వచ్చిన మేలు చికిత్స ముగిశాక కూడా నిలబడుతుంది. నా దృష్టిలో పోలికను తేల్చేది ఇదే. చీకటి గది, మధ్యాహ్నం దాటాక కాఫీ మానడం వంటి జాగ్రత్తలు మంచివే గానీ, పాతుకుపోయిన నిద్రలేమిని అవి మాత్రమే నయం చేయలేవు.

ఇప్పటికే నెలల తరబడి మాత్రలు వేసుకుంటున్నవారు దీనిని చదివి ఈ రాత్రే మానివేయరాదు. అకస్మాత్తుగా ఆపితే నిద్రలేమి మునుపటి కన్నా తీవ్రంగా తిరగబడవచ్చు. ఆందోళనకూ నిద్రకూ ఇచ్చే బెంజోడయజెపిన్ జాతి మందులైతే మూర్ఛలు కూడా రావచ్చు. వేళల సవరణను మొదలుపెట్టి, నిద్ర కాస్త కుదురుకున్నాక, వైద్యుని పర్యవేక్షణలో మోతాదును కొన్ని వారాల మీద మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. తగ్గించిన తొలి రాత్రులలో కలత నిద్ర వచ్చినా పాత మోతాదుకు పరుగెత్తక, లేచే వేళను మాత్రం మార్చకుండా ఉంచాలి.