గుంటూరులో సర్వర్ కొనేవాళ్లూ, స్టోరేజ్ పెట్టెను కళ్లతో చూశాకే డబ్బు కట్టండి

కొటేషన్‌లో "నెట్‌వర్క్ స్టోరేజ్" అని విడిగా రేటు వేస్తే, ఆ పెట్టె ఏదో చూపించమనండి. మాది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. తక్‌పట్టీలు (రైతు సరుకు అమ్మకపు లెక్క చీటీలు), రైతుల బిల్లుల స్కాన్‌లు అన్నీ అందులోనే. డీలర్ మాకు అంటగట్టిన స్టోరేజ్ అసలు పెట్టే కాదు, సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఒక ఉత్తుత్తి కంప్యూటర్, అంటే వర్చువల్ సర్వర్. అది ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే పద్ధతి) ద్వారా మిగతా వర్చువల్ సర్వర్లకూ, తనను మోస్తున్న అసలు సర్వర్‌కూ, అంటే హోస్ట్‌కూ, ఫోల్డర్ పంచుతోంది.

కరెంటు పోయి వచ్చాక బండారం బయటపడింది. హోస్ట్ లేస్తూనే ఆ పంచిన ఫోల్డర్ (షేర్) కోసం ఆగిపోయింది. షేర్ ఇవ్వాల్సిన వర్చువల్ సర్వరేమో హోస్ట్ లేస్తేగాని లేవదు. అవతల లారీల నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్నాయి, ఇవతల ఒక్క పట్టీ రాయలేం.

డీలర్ మనిషి వచ్చి మౌంట్‌ను (షేర్‌ను తగిలించుకునే తీరును) హార్డ్ నుంచి సాఫ్ట్‌కు మార్చాడు. మీ దగ్గర ఇలా చేస్తే ఒప్పుకోకండి. హార్డ్ అయితే సర్వర్ పలికేదాకా ఆగుతుంది. సాఫ్ట్ కాసేపు చూసి ఎర్రర్ ఇచ్చి వదిలేస్తుంది, ఆ ఎర్రర్‌ను ప్రోగ్రామ్ పట్టించుకోకపోతే ఫైలు చెప్పాపెట్టకుండా పాడవుతుంది. లైనక్స్ ఎన్ఎఫ్ఎస్ మాన్యువల్‌లోనే ఈ మాట రాసి ఉంది.

ఏ ఫోల్డర్ ఎవరికి ఎలా పంచాలో రాసి ఉండే ఎక్స్‌పోర్ట్స్ ఫైలు తెరిపిస్తే కడుపు మండింది. వేగం కోసమని 'ఎసింక్' పెట్టారు. అంటే డిస్కుకు చేరకముందే "రాసేశాను" అని జవాబు వస్తుంది, ఆ క్షణాన కరెంటు పోతే పట్టీ గల్లంతే. పైగా 'నో రూట్ స్క్వాష్' (అవతలి కంప్యూటర్‌లోని రూట్‌కు, అంటే సర్వాధికారికి, ఇక్కడా అదే అధికారం ఇవ్వడం) పెట్టి ఆఫీసు నెట్‌వర్క్ అంతటికీ తెరిచారు. ఏ కంప్యూటర్‌లో రూట్ అధికారం ఉన్నా మా ఫైళ్లన్నీ వాళ్ల చేతిలోనే. బ్యాకప్ కూడా అదే షేర్‌లోకే. డిస్కు పోతే అసలూ నకలూ కలిసే పోతాయి. రైతుకు లెక్క చూపాల్సిన కాగితాలండీ అవి!

విడి పెట్టె కొనే స్తోమత లేకపోతే తప్పేం లేదు, డిస్కులు హోస్ట్ దగ్గరే ఉంచి, హోస్టే వర్చువల్ సర్వర్లకు ఫోల్డర్ ఇచ్చేలా పెట్టించండి. వర్చువల్ సర్వర్లను నడిపే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో 8.4 నుంచి, హోస్ట్ ఫోల్డర్‌ను నేరుగా అందించే వర్టయో ఎఫ్ఎస్‌తో నెట్‌వర్క్ లేకుండానే ఈ పని అవుతుంది. బ్యాకప్ మాత్రం వేరే మెషీన్‌లోకి వెళ్లాల్సిందే.

ఆఖరి వాయిదా ఇచ్చేముందు అన్నీ షట్‌డౌన్ చేయించి, మెయిన్ ఆపించి, మీ ఎదుటే మళ్లీ వేయించండి. ఎవరూ కీబోర్డు ముట్టకుండా అన్నీ లేస్తేనే చెక్కు. మా డీలర్ స్టోరేజ్ డబ్బు వెనక్కివ్వనంటున్నాడు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం.